చంటి పెట్టని సంతకం

చంటి అన్న పేరు ఇంట్లో అలా మిగిలిపోయింది గాని, ఆమె నలభై దాటి చాలా కాలమైంది. వృత్తి రీత్యా పాథాలజిస్టు. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కను టెక్నీషియన్లు పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, గాజు స్లైడ్ మీద పెట్టి ఇస్తే, మైక్రోస్కోపులో చూసి అది క్యాన్సరో కాదో చెప్పడం ఆమె పని. అక్క మొగుడు నడిపే ల్యాబ్‌లోనే ఏళ్ల తరబడి చేస్తోంది. అక్కడ అందరూ ఆమెను మేడమ్ అంటారు. బావ మాత్రం రిసెప్షన్లో పదిమంది కూర్చుని ఉన్నా "చంటీ" అని గట్టిగా పిలుస్తాడు. అది ఆమెకు ఒళ్లుమంట. అయినా బావ కదా అని ఊరుకునేది.

పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుని, సెలవు ముగించుకుని మళ్లీ పనిలో చేరిన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఎవరో ఆమె గది తలుపు తట్టారు. బస్సు డ్రైవరుగా చేసే ఒకావిడ. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. మెడకు స్కార్ఫు చుట్టుకుని ఉంది.

"డాక్టరుగారూ, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అండీ? మీరు భయపడాల్సిందేం లేదని రాశారు. నాకేమో గడ్డ పెరుగుతున్నట్టే ఉంది. పక్క అద్దంలోకి చూద్దామని తల తిప్పితే చాలు, అడ్డం తగులుతోంది."

ఆవిడ ఇచ్చిన ఫోన్లో చంటి రిపోర్టు చూసింది. డాక్టరు పేరు తనదే. కింద సంతకం పెట్టెలో ఆకుపచ్చ టిక్కు, దాని పక్కన "సంతకం సరైనదే, సంతకం తర్వాత పత్రంలో మార్పు లేదు" అన్న మాట. కానీ పైనున్న వాక్యం తనది కాదు. ఏం కనిపించిందో వివరంగా రాయకుండా, ఏం లేదో ఒక్క ముక్కలో తేల్చేయడం ఆమెకు చేతకాదు. సంతకం పడిన తేదీ, వేళ చూసింది. ఆ రోజు ఆ వేళకి తను ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో ఉంది.

"అమ్మా, మీ స్లైడ్ ఇప్పుడే తెప్పించి చూస్తాను. కాసేపు కూర్చుంటారా?"

"మళ్లీనా? ఒకసారి చూశారు కదండీ."

అబద్ధం చెప్పడానికి చంటికి నోరు రాలేదు. "లేదమ్మా. నేను చూడలేదు."

"మరి మీ సంతకం?"

"అదెలా వచ్చిందో కనుక్కుంటాను. ముందు మీ సంగతి చూడనివ్వండి."

స్లైడ్ వచ్చింది. లెన్సు కింద పెట్టాక ఎక్కువసేపు వెతకాల్సిన అవసరం కూడా రాలేదు. థైరాయిడ్ క్యాన్సరు. నయమయ్యే రకమే, కానీ ఇన్నాళ్లు ఊరికే వదిలేయాల్సింది కాదు. డ్రైవరు పక్కనే కూర్చుని ఆ సంగతి మెల్లగా చెప్పింది, తనకు తెలిసిన సర్జన్‌తో అప్పటికప్పుడే ఫోన్లో మాట్లాడి మర్నాటికి కుదిర్చింది. ఆవిడ ఏడవలేదు. స్కార్ఫు విప్పి, మడిచి, మళ్లీ విప్పి, "మీ రిపోర్టు చూపించి మా అమ్మకి ధైర్యం చెప్పానండీ" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేదనిపించింది చంటికి.

ఆవిడ వెళ్లాక తన తాళాల గుత్తి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. గుత్తికి వేలెడంత టోకెన్ వేలాడుతోంది. డిజిటల్ సంతకం పెట్టేది దానితోనే. దాని లోపల ఒక ప్రైవేట్ కీ ఉంటుంది, అంటే ఎవరూ ఊహించలేనంత పెద్ద అంకె. అది ఆ టోకెన్‌లోనే పుడుతుంది, బయటికి కాపీ తీయడం కుదరదు. రిపోర్టు తయారయ్యాక టోకెన్ కంప్యూటర్‌కి తగిలించి పిన్ కొడితే, సంతకం లోపలే తయారై బయటికి వస్తుంది. పిన్ వరసగా తప్పు కొడితే టోకెన్ బిగుసుకుపోతుంది. ఆ కీకి జోడీ ఇంకొకటుంది, పబ్లిక్ కీ. దాన్ని ఎవరైనా చూడొచ్చు, దానితో సంతకం అసలుదో కాదో సరిచూడొచ్చు, సంతకం మాత్రం పెట్టలేరు. ఈ పబ్లిక్ కీ ఫలానా డాక్టరుదే అని ఒక సంస్థ పూచీపడి చెప్పే మాటే సర్టిఫికెట్. ఇదంతా చంటికి తెలుసు. తెలుసు కాబట్టే గుండెలో రాయి పడింది. ఆపరేషన్ రోజున ఈ గుత్తి ఉన్న బ్యాగు అక్క చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది.

అక్కకి ఫోన్ చేసింది. స్కూల్లో లెక్కల పేపర్లు దిద్దుతున్నానంది అక్క.

"అక్కా, ఆ రోజు ఆస్పత్రిలో నా బ్యాగు కాసేపు బావకి గాని ఇచ్చావా?"

"ఎందుకిస్తానే? నువ్వు బయటికొచ్చేదాకా ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నా. ఏం, ఏమన్నా పోయిందా?"

"పోలేదు. నా సంతకం ఎవరో వాడారు."

"బ్యాగు నా దగ్గరుందని చెప్తున్నా. అయినా అడుగుతున్నావంటే, నన్నే అంటున్నావన్నమాట. బాగుంది చంటీ." ఫోన్ పెట్టేసింది.

సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ ఆఫీసు రెండు వీధుల అవతల, కళ్లద్దాల షాపు పైన. కౌంటర్ వెనకున్న అధికారిణి చంటి ఇచ్చిన రిపోర్టు తెరిచి, సంతకం వివరాల్లోకి వెళ్లింది. కళ్లు తెర మీంచి తిప్పకుండానే అంది.

"ఇది మీ టోకెన్‌తో పెట్టింది కాదండీ. సర్టిఫికెట్ నంబరే వేరు. మీ పేరు మీద రెండున్నాయి."

"రెండా? నేను తీసుకున్నది ఒకటే."

"రెండోది టోకెన్ రకం కాదు. కీ ఫైలుగా కంప్యూటర్లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దానంతటది సంతకాలు పెట్టుకోడానికి తీసుకుంటారు." ఆవిడ తెర ఇటు తిప్పింది. "మీ వీడియో ధ్రువీకరణ కూడా ఉందండీ."

తెర మీద చంటి కనబడింది. తెల్లకోటు, వెనకాల ల్యాబ్ నడవా. పేరు చెప్పి, డిజిటల్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకుంటున్నానని నవ్వుతూ చెబుతోంది. అది ఎప్పటిదో గుర్తొచ్చింది. ఫోన్ పట్టుకున్నది బావ. "రెన్యువల్ చంటీ. నువ్వు పేరు చెప్పెయ్, మిగతాది మావాళ్లు చూసుకుంటారు" అన్నాడు. ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా తనే చదివి వినిపించింది. అక్కని అనుమానించిన సిగ్గు ఒకవైపు, బావ మీద మంట ఒకవైపు, ఒకేసారి మొహంలోకి వచ్చాయి.

"మరి ఆ రెండో కీ ఇప్పుడెక్కడుందో మీకు తెలుస్తుందా?"

"తెలీదండీ. ప్రైవేట్ కీ మా దాకా రాదు, రాకూడదు కూడా. మాకు పంపేది పబ్లిక్ కీ ఒక్కటే. అసలుది ఏ కంప్యూటర్ దగ్గర కూర్చుని దరఖాస్తు చేశారో అందులో ఉంటుంది."

"కాపీలు తీసుకుంటే?"

"ఎన్ని తీశారో ఎవరూ చెప్పలేరు. ఇంటి తాళంచెవి ఎవరన్నా పట్టుకెళితే మన జేబు ఖాళీ అవుతుంది, తెలిసిపోతుంది. ఇది అలా కాదు. ఎవరు పట్టుకెళ్లినా మన దగ్గరా ఉంటుంది. రద్దు చేసేయమంటారా?"

"చేయాలి. ముందు ఒకరి మొహం చూసొస్తాను."

ల్యాబ్‌కి వచ్చేసరికి బావ తన గదిలో ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. చంటి తలుపు మూసి, ఆయన ఫోన్ పెట్టేదాకా నిలబడే ఉంది.

"నా పేరు మీద ఇంకో కీ ఎక్కడుంది బావా?"

బావ కంగారు పడలేదు. అదే ఆమెకు అన్నిటికంటే బాధ కలిగించింది. "ఓ, అదా! కూర్చో, కూర్చో. రిసెప్షన్ కంప్యూటర్లో పెట్టించాను. దానికింత మొహం పెట్టుకుని రావాలా?"

"రిసెప్షన్ కంప్యూటర్లోనా!"

ఆయన సీనియర్ టెక్నీషియన్ని పిలిచాడు. టెక్నీషియన్ బావ బల్ల మీది తెరలోనే ఆ ఫైలు తెరిచి చూపించాడు. ఫైలు పేరు "చంటి సంతకం". పాస్‌వర్డ్ కూడా చంటే, చివర ఒకటి రెండు మూడు. షిఫ్టులు మారినా ఇబ్బంది లేకుండా అందరికీ తెలియాలని అలా పెట్టామని టెక్నీషియన్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. టెక్నీషియనే స్లైడ్ చూసి, మామూలుగా ఉందనిపిస్తే మామూలు అన్న బటన్ నొక్కుతాడు. రాసిపెట్టి ఉంచిన వాక్యం పడుతుంది, సంతకం దానంతటదే పడుతుంది. ఆమె సెలవు రోజుల్లోనే కాదు, రద్దీగా ఉన్న రోజుల్లోనూ.

"నేనొద్దనే అన్నాను సార్‌తో" అని గొణిగాడాయన.

"అని, నొక్కారు" అంది చంటి.

ఆయన వెళ్లిపోయాక బావ గొంతు తగ్గించాడు. "నీ కోసమే కదా చంటీ ఇదంతా. రోజుకెన్ని స్లైడ్లని చూస్తావు నువ్వు? కళ్లు పోతాయి. అనుమానం ఉన్నవన్నీ నీకే వస్తున్నాయి కదా. ఏమీ లేనివాటికి కూడా నువ్వెందుకు?"

"ఏమీ లేదని చూడకుండా ఎలా తెలుస్తుంది బావా? అది చెప్పడానికే కదా నేనిక్కడ కూర్చున్నది! బస్సు నడిపే ఆవిడ మెడలో క్యాన్సరుంది. మీరు ఏమీ లేదని పంపించారు. నా నోటితో పంపించారు!"

బావ మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. "అయ్యో పాపం. సరే, ఒక పొరపాటు జరిగింది..."

"నేను చూసి తప్పు చెబితే అది పొరపాటు. ఎక్కడైనా తలొంచుకుని ఒప్పుకుంటాను. నేను చూడనే లేదు. నేనప్పుడు స్పృహలో లేను. నా ఒంట్లో కత్తి ఆడుతుంటే ఇక్కడ నా చేత సంతకాలు పెట్టించారు మీరు. దానికి పొరపాటని పేరు పెట్టకండి."

"నెమ్మదిగా మాట్లాడు. బయట జనం ఉన్నారు."

"వాళ్లే వినాలి అసలు."

ఆమె సర్టిఫికెట్ల ఆఫీసుకని వెనక్కి తిరిగేసరికి బావ కూడా కోటు తగిలించుకుని వెంట బయల్దేరాడు. దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడు. కుటుంబం అన్నాడు, అక్క మొహం చూడు అన్నాడు, ఆ కీ ఇప్పుడే చెరిపేయిస్తానన్నాడు. చెరిపేస్తే మిగతా కాపీల సంగతేమిటని అడిగితే మళ్లీ కుటుంబం దగ్గరికే వచ్చాడు.

కౌంటర్ దగ్గర అధికారిణి రెండో సర్టిఫికెట్ రద్దు పేజీ తెరిచింది. "కారణం చెప్పాలండీ. ఇక అవసరం లేదు అనొచ్చు, ఉద్యోగం మారారు అనొచ్చు, లేదా కీ పరాయి చేతుల్లో పడింది అనొచ్చు."

"తేడా ఏమిటి?" అని బావే ముందుగా అడిగాడు.

"మొదటి రెండూ పెడితే ఇవాళ్టి నుంచీ కొత్త సంతకాలు చెల్లవు, పాతవి చెల్లుతాయి. మూడోది పెడితే, కీ ఎప్పట్నుంచి చేయి దాటిందో తేదీ కూడా ఇవ్వాలి. ఆ తేదీ తర్వాత దానితో పెట్టిన ఏ సంతకాన్నీ నమ్మొద్దని అందరికీ తెలియజేస్తాం. ఎవరు రిపోర్టు తెరిచినా ఎర్ర గుర్తు కనిపిస్తుంది."

బావ చంటి చెయ్యి పట్టుకున్నాడు. "మొదటిది పెట్టు చంటీ. నీ పని నీకవుతుంది. ల్యాబ్ నిలబడుతుంది. తప్పు రిపోర్టులేమన్నా ఉంటే మనమే గుట్టుగా వెతికి, ఒక్కొక్కరినీ పిలిచి చెబుదాం. నా మాట విను."

"గుట్టుగా!" చంటి చెయ్యి విడిపించుకుంది. "ఆ ఆకుపచ్చ టిక్కు చూసుకుని ఎంతమంది ఇళ్లలో గుండెల మీద చేతులేసుకుని పడుకున్నారో మీకు తెలుసా? మీరు వెతికేదాకా వాళ్లు అలాగే ఉండాలా? మేడమ్, మూడోదే పెట్టండి."

"కీ మీ చేతిలోంచి ఎప్పుడు పోయిందండీ?"

"అది ఏనాడూ నా చేతిలో లేదు. అది పుట్టిన రోజే రాయండి."

అధికారిణి ఒకసారి బావ వంక చూసి, ఆ తేదీయే కొట్టింది.

మర్నాడు తెల్లవారేసరికి ల్యాబ్ ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. పైచికిత్స కోసం పెద్దాస్పత్రులకు రిపోర్టులు పంపినవాళ్లు ముందు ఫోన్ చేశారు, ఎర్ర గుర్తు చూసిన డాక్టర్లు తర్వాత. బావ గదిలో తలుపేసుకుని పేషెంట్లకు పంపాల్సిన సందేశం రాయించాడు. "సాంకేతిక లోపం వల్ల కొన్ని రిపోర్టులు సరిగా తెరుచుకోకపోవచ్చు" అని. చంటి స్లైడ్ల గదికి వెళ్తే తలుపుకి తాళం వేసి ఉంది.

"స్లైడ్లు ల్యాబ్ ఆస్తి" అన్నాడు బావ. "నువ్వు కాస్త చల్లబడ్డాక మాట్లాడదాం."

"సాంకేతిక లోపం ఏమిటి బావా? అది చక్కగా పనిచేస్తోంది. పెట్టమన్నప్పుడు పెట్టింది, చెల్లదన్నప్పుడు చెల్లదని చూపిస్తోంది. అబద్ధమాడింది మనిషి!"

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. స్కూలుకి వెళ్లాల్సిన వేళ. చంటి వంక సరిగా చూడకుండానే ఫోన్ బల్ల మీద పెట్టింది. అందులో ఒక రిపోర్టు తెరిచి ఉంది, ఎర్ర గుర్తుతో. పైన అక్క పేరు.

"వీపు మీద మచ్చ నల్లబడితే తీయించాను. నీకు చెప్పలేదు, కంగారు పడతావని. రిపోర్టులో నీ సంతకం చూసి, చంటి చూసింది కదా, ఇంక భయం లేదనుకున్నా. నువ్వేమీ అడక్కపోతే, నేను చెప్పేదాకా ఆగావేమో అనుకున్నా." ఇప్పుడు చంటి కళ్లలోకి చూసింది. "చూశావా నువ్వు?"

"మచ్చ తీశారన్న సంగతి కూడా ఇప్పుడే వింటున్నానక్కా."

అక్క మొగుడి వైపు తిరిగింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "నీదీ అందులో ఉందని నాకు తెలీదు. ఒట్టు."

"తెలీదా? నాది కాకపోతే ఫరవాలేదా? ఎవరిదైతే ఏమిటి, మచ్చ తీసిన చోట ఎవరికైనా కుట్లే కదండీ పడేది! నిన్న దీన్ని మాటలన్నాను, నన్ను దొంగని చేసిందని. దొంగని పక్కన పడుకోబెట్టుకుని దీని మొహం మీద ఫోన్ పెట్టేశాను." చెయ్యి చాపింది. "తాళం."

"నువ్వు ఆవేశంలో..."

"ఈ ల్యాబ్‌లో సగం నా పేరున ఉంది. ఆ సగం పేరు ఎక్కడెక్కడ వాడారో కూడా తర్వాత అడుగుతాను. ముందు తాళం ఇవ్వండి."

ఇచ్చాడు.

అక్క ముందుగా ఆ సందేశం చింపేసింది. తెల్లకాగితం మీద తనే రాసింది: మీ రిపోర్టును డాక్టరు చూడలేదు, డాక్టరు పేరుతో ల్యాబ్ పంపింది, ఆ ఫలితాన్ని నమ్మవద్దు, స్లైడ్ మళ్లీ చూస్తున్నాం, ఖర్చు ల్యాబ్‌దే. బావ ఒక్కొక్క ముక్క దగ్గరా అడ్డం పడబోయాడు. అక్క కళ్లెత్తి కూడా చూడలేదు.

ఆ రోజు నుంచి అక్క స్కూలుకి సెలవు పెట్టి రిసెప్షన్లో కూర్చుంది. చంటి లోపల స్లైడ్లు చూస్తూ, ఒక్కొక్క దానికీ కొత్తగా రిపోర్టు రాసి, తన టోకెన్ తగిలించి, పిన్ కొట్టి సంతకం పెట్టేది. ఎవరైనా కాఫీకి రమ్మంటే టోకెన్ పీకి జేబులో వేసుకునే లేచేది. బయట అక్క ఫోన్లు చేసేది. తలుపు సందులోంచి ఆవిడ గొంతు వినబడేది. "అవునండీ. మీరన్నది నిజమేనండీ. కాదు, కంప్యూటర్ది కాదు, మా తప్పే." ఒకాయన ఎంత గట్టిగా తిట్టాడంటే ఆ అరుపులు మైక్రోస్కోపు దాకా వచ్చాయి. చంటి లేచి వచ్చి ఫోన్ ఇమ్మంది.

"నువ్వు పోయి పని చూడవే" అంది అక్క, ఫోన్ చేత్తో మూసి. "తిట్లు తినడానికి డాక్టరు చదువు అక్కర్లేదు."

అక్క మచ్చ మామూలుదే. ఆ మాట చెప్పడానికి చంటి స్లైడ్ చేత్తో పట్టుకునే బయటికి పరిగెత్తింది. ఎక్కువ రిపోర్టులు సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి బావ పట్టుకుని, చూశావా అన్నాడు. తప్పుగా వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. కానీ వాటిలో ఒక స్వర్ణకారుడి నాలుక ఉంది, ఒక బాలింత రొమ్ము ఉంది. స్వర్ణకారుడికి అప్పటికే ముదిరిపోయింది. ఆయన కొడుకు ల్యాబ్‌కి వచ్చి స్లైడ్ అడిగి తీసుకుని పోయాడు. బస్సు డ్రైవరుకి ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు కొంచెం బొంగురుపోయిందని, స్టాపుల పేర్లు అరవలేక రికార్డింగు పెట్టుకున్నానని ఫోన్ చేసి చెప్పింది.

ఆరోగ్యశాఖవాళ్ల విచారణ తర్వాత ల్యాబ్‌కి తాళం పడింది. అదీ కొన్నాళ్లపాటే. బావ వేరే పేరుతో బోర్డు మార్చి తెరవడానికి కాగితాలు సిద్ధం చేసుకున్నాడు, అక్క తన సగం ఇవ్వనంది. ఇద్దరూ ఒకే ఇంట్లో వేరు వేరు గదుల్లో ఉంటున్నారు. చంటి ప్రభుత్వాస్పత్రిలో చేరింది.

డాక్టర్ల మండలి నుంచి ఆమెకూ ఒక ఉత్తరం వచ్చింది. ఓటీపీ వేరేవాళ్లకు చదివి వినిపించి, సంతకాన్ని కాపాడుకోవడంలో అజాగ్రత్తగా ఉన్నందుకు హెచ్చరిక. అక్క దాన్ని చదివి మండిపడింది. "దీనికా! పట్టించినదానికే శిక్షా?"

"ఓటీపీ చదివింది నేనే కదక్కా. అది పడాల్సిందే" అంది చంటి. తర్వాత ఉత్తరం రెండో పేజీ తిప్పి, ల్యాబ్ యజమాని గురించి ఏమన్నా రాశారేమో వెతికింది. ఆయన డాక్టరు కాడు కాబట్టి మండలి పరిధిలోకి రాడని ఒక్క వాక్యం ఉంది. దాన్ని రెండుసార్లు చదివింది. పెన్ను తీసుకుని, ఆయన ఎవరి పరిధిలోకి వస్తాడో తెలియజేయమని అడుగుతూ, ఆ ఉత్తరానికి అప్పుడే జవాబు రాయడం మొదలుపెట్టింది.